ఒక్క ఏమోయ్ కోసం

ఆ సంఘంలో ప్రార్థనలకు ఒక పుస్తకం ఉంది. పొడవాటి గీతల పుస్తకం, పేజీకి మూడు గడులు. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో ఎవరి కోసం ఏమడుగుతున్నారో రాస్తారు. మూడో గడి ఖాళీగా ఉంటుంది. దేవుడు జవాబిచ్చాడని తేలితే ఆ వరస మొత్తం మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, మూడో గడిలో ‘స్తోత్రం’ అని రాస్తారు. జవాబు రాకపోతే ఏం రాయాలో మాత్రం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. పుస్తకం నిండాక కొత్తది కుట్టించి, పాతదాంట్లో ఎర్ర గీత పడనివన్నీ ఏరి కొత్త పుస్తకం మొదటి పేజీల్లోకి ఎక్కిస్తారు.

ఆ పుస్తకం కుట్టేదీ, పాతవి ఎక్కించేదీ ఒకావిడే. చిన్నా పెద్దా అందరూ ఆవిడని బైండింగ్ అక్క అనే పిలుస్తారు. ఇంటి ముందు గదే దుకాణం. ఒక పొడుగాటి బల్ల, గోడవార మర బిగించే ప్రెస్సు, జిగురు గిన్నె, దబ్బనాలు, మైనం రాసిన దారపు ఉండలు. బడి పుస్తకాలూ ఆఫీసు ఫైళ్ళూ సరే, చుట్టుపక్కల చిరిగిన బైబిలు ప్రతిదీ ఆ బల్ల మీదికే వస్తుంది. ఎక్కడ చిరిగిందో చూసి ఆ ఇంట్లో ఏం కష్టం నడుస్తోందో చెప్పేయగలదు. రోగమున్న ఇంటి బైబిలు కీర్తనల దగ్గర ఊడిపోయి వస్తుంది. ఏ కష్టమూ లేనివాళ్ళ బైబిలు అట్ట మాత్రమే పాతబడి వస్తుంది, లోపల పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. అలాంటిది చేతికొస్తే, దుమ్ము దులుపుతూ ‘అదృష్టవంతులు’ అని గొణుక్కునేది.

ఆవిడ భర్త బస్టాండులో అనౌన్సరు. ఇరవై ఆరేళ్ళు ఆ అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో, ఎవరి పిల్లాడు తప్పిపోయి తన గదిలో ఏడుస్తున్నాడో ఊరందరికీ చెప్పాడు. మైకు మావయ్య అని పేరు. ఆదివారం సంఘంలో పాట ఎత్తుకునేదీ ఆయనే. మెల్లగా మాట్లాడడం ఆయనకు చేతకాదు. ఇంట్లో ఉప్పు అడిగినా మూడిళ్ళ అవతలికి వినపడేది. భార్యను పిలిచేది ఒక్కటే మాట, ‘ఏమోయ్’. ఆ పిలుపు విని పక్కింటావిడ కూడా చేస్తున్న పని ఆపి, “వెళ్ళవమ్మా, నీ బస్సు వచ్చింది,” అనేది.

ఎనిమిదేళ్ళ కిందట ఒక ఉదయం ఆయన పెరటి వసారాలో అద్దం ముందు గడ్డం గీసుకుంటూ “ఏమోయ్” అని పిలిచాడు. ఆవిడ చేతుల నిండా జిగురు. అట్ట అప్పుడే అతికించింది, వదిలితే వంకర పోతుంది. “వస్తున్నా. నేనేం బస్సునా, అలా అరిచి పిలవడానికి?” అంది. తన మాటకు తనే నవ్వుకుంది కూడా. అట్ట సరిచేసి, చేతులు కడుక్కుని, తుడుచుకుని వెళ్ళేసరికి ఆయన నేల మీద ఉన్నాడు. సగం చెంప మీద నురగ అలాగే ఉంది.

ప్రాణం దక్కింది, అదే గొప్ప అన్నాడు డాక్టరు. నడక కొంత వచ్చింది. కుడి చెయ్యి రాలేదు, మాట రాలేదు. మనిషికి అన్నీ తెలుస్తాయి, అన్నీ వినిపిస్తాయి. ఎడమ చేతి వేళ్ళతో బల్ల మీద కొడతాడు. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. ఇరవై ఆరేళ్ళు ఊరందరినీ పిలిచి బస్సెక్కించినవాడికి చివరికి మిగిలింది అంతే.

బైండింగ్ అక్క ఆ వారమే ప్రార్థన పుస్తకంలో రాసింది: ‘నా భర్తకు మాట రావాలి.’ పెద్ద ప్రసంగాలు చేయాలనీ, మళ్ళీ పాటలు పాడాలనీ ఆవిడ అడగలేదు. తలుపు మూసుకుని మోకరించినప్పుడు అసలు మనవి ఇంకా చిన్నది. ఒక్కసారి ఆయన ఏమోయ్ అనాలి. ఈసారి జిగురు చేతులతోనే పరిగెత్తుకుని వెళ్ళాలి. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు కదా అని దేవుణ్ణే అడిగేది.

ఒకసారి అడిగిన విధంగా ఇంకోసారి అడగకుండా, తెలిసిన విధాలన్నిట్లో అడిగింది. ఉపవాసాలు చేసింది. ఎవరు గొప్ప ప్రార్థనాపరుడంటే వాళ్ళ దగ్గరికి ఆయన్ని కాళ్ళరిగేలా తిప్పింది. వాళ్ళు ఆయన నెత్తిన పోసిన నూనె అంతా కలిపితే ఒక డబ్బా నిండేది. ఒకాయన ఇంట్లో దాచిన పాపమేదో ఉందన్నాడు. ఇంకొకాయన ఆవిడ విశ్వాసంలో పస లేదన్నాడు. మూడో ఆయన దేవుడి సమయం దేవుడికి ఉంటుందని చెప్పి, తన బస్సు సమయం అయిందని గబగబా వెళ్ళిపోయాడు. వీళ్ళెవరికీ ఆవిడ ఎదురు చెప్పలేదు. ఇంటికొచ్చి దబ్బనంతో అట్టలకు బెజ్జాలు పొడిచేటప్పుడు మాత్రం అవసరమైన దానికన్నా గట్టిగా పొడిచేది.

రోజూ సాయంత్రం పని ముగించి, బల్ల తుడిచి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన మోకరించి ప్రార్థన చేసేది. చివర ఆమెన్ ఆయనది. ఎడమ చేత్తో బల్ల మీద ఒక్కసారి కొట్టేవాడు. ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. ఆస్పత్రిలో పెట్టినప్పుడు కూడా మంచం ఇనప కడ్డీ మీద కొట్టాడు. ఈ ఎనిమిదేళ్ళలో పుస్తకాలు మూడు నిండాయి. మూడుసార్లు ఆవిడ అందరి మనవులూ కొత్త పుస్తకంలోకి ఎక్కించింది. ప్రతిసారీ మొదటి వరస తనదే. కింద ఉన్నవాళ్ళ ఉద్యోగాలకూ, కాన్పులకూ, ఇంటి పట్టాలకూ ఎర్ర గీతలు పడుతూ పోయాయి. తన చేత్తోనే ఎక్కించిన వాటి మీద ఎర్ర గీతలు చూసి సంతోషించాలని ఆవిడకు తెలుసు. సంతోషించింది కూడా. కాని ప్రతి గీతా తన వరసను తప్పించుకుని పక్కనుంచి పోతున్నట్టే అనిపించేది.

ఇంకొక సంగతి చెప్పాలి. ఆయన పడిపోవడానికి ముందే బస్టాండువాళ్ళు ఆయన గొంతు రికార్డు చేసి పెట్టుకున్నారు. మనిషి ఇంట్లో మూగబోయాక మూడేళ్ళపాటు గొంతు బస్టాండులో పని చేసింది. మొదట్లో ఆవిడ కుట్టాల్సిన కాగితాలు సంచిలో వేసుకుని అక్కడి బెంచీ మీద కూర్చునేది. ఆ గొంతు ప్రయాణికులను దయచేసి గమనించమనేది, సామాన్లు జాగ్రత్త అనేది. ఆవిడను మాత్రం పిలిచేది కాదు. కొన్నాళ్ళకు వెళ్ళడం మానేసింది. తర్వాత కొత్త యంత్రం వచ్చింది, అందులో ఎవరో ఆడమనిషి గొంతు. మైకు మావయ్య గొంతు ఊళ్ళో ఎక్కడా లేకుండా పోయి అయిదేళ్ళయింది.

ఈ ఏడు ఒక శనివారం ఆ కొత్త యంత్రం చెడిపోయింది. బాగయ్యేదాకా పాత రికార్డులు పెట్టుకున్నారు. సరిగ్గా ఆ రోజే స్త్రీల సమాజం ప్రెసిడెంటు, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, తన కూతురి ఊరి నుంచి తిరిగొచ్చి బస్సు దిగింది. దిగగానే నెత్తి మీద మైకు మావయ్య గొంతు వినిపించింది. సామాను అక్కడే పెట్టి, రెండు చేతులూ పైకెత్తి ఏడ్చిందట. అయిదేళ్ళ కిందటి రికార్డుల సంగతి గుర్తు రాలేదు, అద్దాల గదిలోకి తొంగి చూద్దామన్న ఆలోచనా రాలేదు. ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నది కళ్ళెదుట జరిగితే ఎవరైనా వెళ్ళి సరిచూస్తారా? సరిచూడడం అవిశ్వాసం అవుతుంది కదా.

మర్నాడు మైకు మావయ్యకు జ్వరం. భార్యాభర్తలిద్దరూ సంఘానికి వెళ్ళలేదు. వెళ్ళకపోవడమే కొంప ముంచింది. పెద్దమ్మ లేచి సాక్ష్యం చెప్పింది: ఆయనకు మాట వచ్చింది, పోయిన ఉద్యోగం కూడా వచ్చింది, నేను చెవులారా విన్నాను. వెనక వరసలో ఇంకో ఇద్దరు లేచి మేమూ విన్నామన్నారు. వాళ్ళూ అబద్ధం చెప్పలేదు. సంఘమంతా చప్పట్లతో ఊగిపోయింది. ఒక లారీ డ్రైవరు ఉన్నాడు, భార్య పోరు పడలేక నెలకోసారి వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. అతను ఏడుస్తూ ముందుకొచ్చి, అలాంటి దేవుడైతే ఈ రోజు నుంచి తాగను అని మోకరించాడు. పాస్టరుగారు అక్కడికక్కడే పుస్తకం తెప్పించి మొదటి వరస మీద ఎర్ర గీత కొట్టాడు.

సోమవారం పొద్దున్నే జనం పళ్ళు పట్టుకుని ఇంటికి వచ్చారు. బైండింగ్ అక్కకు మొదట ఏమీ అర్థం కాలేదు. వాళ్ళు కుర్చీలో ఉన్న మనిషి చుట్టూ మూగి, ఏదీ ఒక్క మాట అనండి మావయ్యా అని బతిమాలుతుంటే ఆయన వచ్చినవాళ్ళ మొహాల వంకా, ఆవిడ వంకా మార్చి మార్చి చూశాడు. జ్వరం కదా, గొంతు పట్టేసి ఉంటుందని వాళ్ళే సర్దుకుని వెళ్ళిపోయారు. ఎవరో పోతూ పోతూ చెప్పిన మాటతో సంగతంతా తెలిసింది. ఆవిడ బస్టాండుకు వెళ్ళింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ గొంతు వింది. దయచేసి గమనించమంటోంది. అక్కడి నుంచి తిన్నగా పాస్టరుగారింటికి నడిచింది.

పాస్టరుగారు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఆవిడ పని తేలికయ్యేది. విన్నాడు, తల పట్టుకున్నాడు. చివరికి డ్రైవరు సంగతి ఎత్తాడు. అతను తాగనని మొక్కుకుని రెండు రోజులు కూడా కాలేదు, ఇప్పుడు వెళ్ళి అదంతా పొరపాటని చెబితే ఆ మనిషి ఏమవుతాడని అడిగాడు.

“అయితే ఏం చేయమంటారు అయ్యగారూ?” అందావిడ.

“ఆదివారం ఆయన్ని తీసుకురండి అక్కా. మైకు ముందు నిలబెడదాం. ఎనిమిదేళ్ళు ఇవ్వనిది ఆ ఒక్క నిమిషంలో ఇవ్వలేడా దేవుడు? ఎవరికి తెలుసు, ఇందుకోసమే ఇదంతా జరిగిందేమో.”

చేసిన తప్పు ఆవిడ ఇక్కడే చేసింది. కోపంతో వెళ్ళిన మనిషి ఆశతో తిరిగొచ్చింది. ఎవరికి తెలుసు అన్న మాట చెవిలో ఇల్లు కట్టుకుంది. ఆ వారమంతా కుట్టిన పుస్తకాల కుట్లు వంకరపోయాయి. శనివారం సాయంత్రం ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ సంగతి చెప్పింది. వస్తారా అని అడగలేదు, వెళ్దాం అంది. ఆయన వేళ్ళు బల్ల మీద కదిలాయి. కొట్టాడో లేదో ఇస్త్రీపెట్టె చప్పుడులో వినపడలేదు. వినపడనట్టు ఉండిపోయిందనడమే న్యాయం.

ఆదివారం గది కిక్కిరిసిపోయింది. డ్రైవరు తెల్ల చొక్కా వేసుకుని భార్య పక్కన మొదటి వరసలో కూర్చున్నాడు. పాస్టరుగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించి, మైకు ఆయన నోటి ఎత్తుకు దించాడు. పాపం, మైకు ముందు ఎలా నిలబడాలో ఆ మనిషికి ఒకరు నేర్పాలా? అలవాటుగా భుజాలు సర్దుకున్నాడు. మెడ కాస్త ముందుకు వంచాడు. నోరు తెరిచాడు.

వచ్చింది మాట కాదు. గొంతులో ఎక్కడో అడుగున ఇరుక్కున్న ఒక మూలుగు. అది మైకులోంచి గదంతా తిరిగింది. రెండోసారి ప్రయత్నించాడు. పెదవి పక్కనుంచి చొంగ కారి ఇస్త్రీ చొక్కా మీద పడింది. మూడోసారి నోరు తెరవబోతుండగా పెద్దమ్మ హల్లెలూయ అంది. అంతే, డప్పు మోగింది, చప్పట్లు మోగాయి, అందరూ లేచి నిలబడ్డారు. స్తోత్రాల హోరులో ఆయన నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఏమొస్తోందో ఎవరికీ వినపడలేదు, వినాల్సిన అవసరమూ ఎవరికీ కనపడలేదు. ఆయన ఆవిడ వంక చూశాడు. ఎనిమిదేళ్ళలో తుడిచినప్పుడు, స్నానం చేయించినప్పుడు, అన్నం పెట్టినప్పుడు ఆ కళ్ళలో సిగ్గు చూసింది గాని ఇంత సిగ్గు ఎన్నడూ చూడలేదు. దాంట్లో ఆవిడ మీద కోపం కూడా ఉంది.

ఆవిడ లేచి వెళ్ళి, ముందు కొంగుతో ఆయన మూతి తుడిచింది. తర్వాత మైకు తన వైపు తిప్పుకుంది. డప్పు కాస్త ఆలస్యంగా ఆగింది.

“ఈయనకు మాట రాలేదు,” అంది. “బస్టాండులో మీరు విన్నది పాత రికార్డు. ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నాను, దేవుడు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నాకు తెలీదు, మీకూ తెలీదు. ఇవ్వనివాణ్ణే నమ్ముకుని ఉన్నాను. ఇచ్చాడని అబద్ధం చెప్పి ఆయన పరువు కాపాడాల్సిన పని మనకు లేదు. దానికి నా మొగుడి నోరు కావాల్సి వచ్చిందా?”

మొదటి వరసలో డ్రైవరు లేచాడు. భార్య చొక్కా చివర పట్టుకుంది, విడిపించుకుని తలుపు వైపు నడిచాడు. అతను బయటికి పోవడం బైండింగ్ అక్క చూసింది. తను నిజమే చెప్పింది, ఆ నిజానికి డ్రైవరు ఇల్లాలు కూడా మూల్యం కట్టాల్సి వచ్చింది. ఇది కూడా నా ఖాతాలోనే వేస్తావా దేవుడా అనుకుంది. వెనకనుంచి ఎవరో పాట ఎత్తుకున్నారు. శృతి తప్పింది. అయినా ఒక్కొక్కరే గొంతు కలిపారు, అలా పాడుకుంటూనే ఆ ఆదివారాన్ని గట్టెక్కించారు. పెద్దమ్మ మాత్రం పాడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల వంక చూస్తూ కూర్చుంది.

నడుస్తున్న పుస్తకమూ నిండిపోవడంతో కొత్తది కుట్టడం అప్పటికే పూర్తయి ఇంట్లో బల్ల మీద ఉంది. సాయంత్రం ఆవిడ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని ఎక్కించడానికి కూర్చుంది. పాత పుస్తకం మొదటి వరస మీద ఎర్ర గీత, మూడో గడిలో స్తోత్రం. లెక్క ప్రకారం ఎర్ర గీత పడింది కొత్త పుస్తకంలోకి రాదు. గీత వెనక్కి తీసుకునే పద్ధతి ఆ సంఘంలో లేదు, ఇంతవరకు ఎవరికీ దాని అవసరం పడలేదు. పాస్టరుగారు ఏం చేద్దామో చెప్పకుండానే పుస్తకం చేతికిచ్చి పంపేశాడు.

ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఆదివారం చొక్కా విప్పనివ్వలేదు. మరక అలాగే ఎండిపోయింది.

“తప్పు నాదే,” అందావిడ. “మిమ్మల్ని అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను. మన మనవి మళ్ళీ రాయనా?”

ఆయన చాలాసేపు ఎడమ చెయ్యి ఒళ్ళోంచి తీయలేదు. తర్వాత తీశాడు. బల్ల మీద ఒకసారి కొట్టాడు. ఆవిడ పెన్ను అందుకోబోయింది. ఆయన రెండోసారి కూడా కొట్టాడు.

వద్దన్నాడు. ఎనిమిదేళ్ళలో ఈ మనవి గురించి ఆవిడ ఆయన్ని అడగడం ఇదే మొదలు, అడగక ముందు అన్నేళ్ళూ ఆయన ఏమనుకున్నాడో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. పొద్దున మైకు ముందు విసిగిపోయి వద్దంటున్నాడా, మొదటి ఏడాది నుంచే వద్దనుకుంటూ ఈవిడ కోసం రోజూ ఆమెన్ కొట్టాడా? ఒకటీ రెండూ తప్ప మూడో మాట లేని మనిషిని ఏమని అడగాలి? ఆవిడకు ఏడుపు వచ్చింది, దానికన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇద్దరూ మాట్లాడనివాళ్ళే దొరికారు తనకు, ఇంట్లో ఒకరు, పైన ఒకరు.

“మీకు వద్దేమో,” అంది చివరికి. “నాకు కావాలి. ఆ రోజు మీరు పిలిస్తే నేను రాలేదు. నా బాకీ అది.”

కొత్త పుస్తకం మొదటి వరసలో, ఎప్పటిలాగే ఎనిమిదేళ్ళ కిందటి తేదీ వేసి, మనవి రాసింది. మూడో గడి దగ్గర ఆగింది. జవాబు రానప్పుడు ఎవరూ ఏదీ రాయని ఆ గడిలో ‘ఇంకా లేదు’ అని నల్ల సిరాతో రాసి, ఆరేదాకా ఊదింది. మిగతావాళ్ళ మనవులు ఎక్కించి, బల్ల తుడిచి, ఆయన పక్కన మోకరించింది.

ఆ రోజు ప్రార్థన పెద్దగా సాగలేదు. డ్రైవరును చూడు అంది. ఈయన నా మీద కోపం పోగొట్టు అంది. తర్వాత, నువ్వు ఇవ్వకపోయినా నేను ఎక్కడికీ పోను, పోవడానికి ఇంకో చోటు లేదు, అందుకని అలుసు తీసుకోకు అంది. ఆఖర్న అడిగేది అడిగింది. అడిగి, కళ్ళు మూసుకునే ఆగింది.

బల్ల మీద చప్పుడు కాలేదు. ఇంకా కాసేపు ఆగింది. ఆయన ఊపిరి వినపడుతోంది. నిద్రపోలేదని ఆ ఊపిరిని బట్టే తెలుస్తోంది. మోకాళ్ళు తిమ్మిరెక్కాక కళ్ళు తెరిచింది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు, చెయ్యి ఒళ్ళోనే ఉంది.

ఆవిడ తన చెయ్యి ఎత్తి బల్ల మీద ఒక్కసారి కొట్టి, లేచి, ఆయనకు అన్నం పెట్టడానికి వెళ్ళింది.